మందిరం గోడకు మినప్పిండి

రిటైరైన సివిల్ ఇంజనీర్లకు రెండు జబ్బులు తప్పవు. ఒకటి మోకాళ్ళ నొప్పి. రెండోది, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ గోడను వేలి కణుపుతో తట్టి చూడటం. మొదటిదానికి మందుంది. రెండోదాని మూలంగా మా ఆవిడ నన్ను గృహప్రవేశాలకు తీసుకెళ్ళడం మానేసింది.

కొత్తగా ఉద్యోగంలో చేరి, నెత్తిన హెల్మెట్టు, చేతిలో టేపు పట్టుకుని సైటు మీద తిరుగుతున్న పిల్లలూ, నేను ఢిల్లీలో ముప్ఫై ఆరేళ్ళు సర్కారు కట్టడాలు కట్టించాను. క్వార్టర్లు, ఆఫీసులు, ఒకటి రెండు ఆసుపత్రి బ్లాకులు. వాటి గురించి మీకు చెప్పను. వాటిలో మీరు నేర్చుకోవలసిందేమీ లేదు, అన్నీ రూలు ప్రకారం లేచి రూలు ప్రకారం కారుతున్నాయి. రిటైరయ్యాక చేయించిన ఒకే ఒక్క గోడ గురించి చెబుతాను. ఆ గోడ తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు గంతులెయ్యాలనిపిస్తుంది.

ముఖర్జీ నగర్‌కు కాస్త దూరంలో ఒక పాత చర్చి ఉంది. ఇటుక, సున్నం, ఎత్తయిన కప్పు, కప్పు నిండా పావురాలు. ఆ ఒక్క కప్పు కిందే మూడు సంఘాలు ఆరాధన చేసుకుంటాయి. ఆదివారం ఎనిమిదింటికి హిందీ వాళ్ళు, పదింటికి ఇంగ్లీషు వాళ్ళు, సాయంత్రం నాలుగింటికి మేము. తెలుగు సంఘం చిన్నది. నాలాంటి సర్కారు పెన్షనర్లు, గుర్గావ్ నుంచీ నోయిడా నుంచీ కార్లలో వచ్చే సాఫ్ట్‌వేర్ దంపతులు, తెలుగులో ప్రార్థన చేస్తే "ఆమెన్" తప్ప మిగతాదంతా హిందీలో మాట్లాడే వాళ్ళ పిల్లలు. వీళ్ళు కాక ముఖర్జీ నగర్ పీజీల నుంచి సివిల్స్‌కు చదివే కుర్రకారు. ప్రిలిమ్స్‌కు ముందు నెలలో వీళ్ళ హాజరు చూస్తే సంఘంలో భక్తి కొత్తగా రగిలి ఉజ్జీవం వచ్చిందేమో అనిపిస్తుంది. ఫలితాలొచ్చాక మళ్ళీ మామూలే.

ఇక నా పాపం. పాతికేళ్ళ కిందట, ప్రభు భోజనపు బల్ల వెనకున్న పెద్ద గోడకు పూత పెచ్చులు లేచింది. నేనప్పుడు ఉత్సాహం ఉరకలేసే ఇంజనీరును. దేవుడికి కానుకగా నా పనితనమే ఇద్దామని పది రోజులు సెలవు పెట్టాను. పాత సున్నం గీకించి, మేలురకం సిమెంటు దట్టంగా పట్టించి, గోడను అద్దంలా తోమించాను. పాస్టరుగారు నా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు. ఇటుకా సున్నం కలిసిన పాత గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుని, దాన్ని గాలిలోకి వదిలేస్తూ బతుకుతుందని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఉండే ఉంటుంది. నేను ఆ పేజీ చదవలేదు. సిమెంటుతో ఆ గోడకు ముక్కూ నోరూ మూసేశాను. లోపలి చెమ్మ లోపలే మగ్గి, నెమ్మదిగా సున్నాన్ని తినేసింది.

నాకీ సంగతి తెలిసేసరికి పదేళ్ళు గడిచాయి. అప్పటికి ఆ పూత ఎవరు చేయించారో సంఘంలో ఎవరికీ గుర్తులేదు, ఒక్క మా ఆవిడకు తప్ప. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు గానీ ఈ ఒక్క విషయం మాత్రం దాచిపెట్టింది. నేను తేలు కుట్టిన దొంగలా వెనక బెంచీలో కూర్చుని, పాటల మధ్య ఆ గోడకేసి చూస్తూ ఉండేవాణ్ణి.

నిరుడు వానల్లో, ఇంగ్లీషు ఆరాధన జరుగుతుండగా ఆ గోడ మీంచి పళ్ళెమంత పెచ్చు ఊడి, మూడు సంఘాల కమిటీ చైర్మన్ గారి కాళ్ళ దగ్గర పడింది. ఆయన రిటైరైన డాక్టరు, ఇంగ్లీషు సంఘం పెద్ద. నిటారుగా నడుస్తాడు, నిక్కచ్చిగా మాట్లాడతాడు. రక్తపోటు వల్ల పన్నెండేళ్ళుగా ఉప్పు ముట్టడు. చర్చిలో ఎన్ని విందులు జరిగినా తన చప్పిడి టిఫిన్ డబ్బా తనే తెచ్చుకుంటాడు. బహుశా అందుకే విందుల్లో ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి వారమే మీటింగు పెట్టాడు. "బిల్డింగ్ ఈజ్ ఫినిష్డ్," అన్నాడు. పడగొట్టి రెండంతస్తుల కాంక్రీటు హాలు కడదామన్నాడు. ఏసీలు, పైన పార్టీ హాలు. బొమ్మ కూడా గీయించి తెచ్చాడు. అది చూస్తే గాజు అద్దాల బట్టల షోరూములా ఉంది. హిందీ సంఘం సెక్రటరీ ఏసీ అన్న మాట వినగానే తల ఊపేశాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ నాకు తెలియదు. "ఆ గోడ ఒక్కటి నాకివ్వండి. సిమెంటు తీసేసి పాత పద్ధతిలో సున్నంతో బాగుచేయిస్తాను. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శనివారం వచ్చి చూడండి. బాగుంటే చర్చి మొత్తం ఇలాగే చేసుకుందాం. బాగాలేకపోతే గునపం మొదటి దెబ్బ నేనే వేస్తాను," అన్నాను.

చైర్మన్ నన్ను ఎగాదిగా చూసి, "ఠీక్ హై. వన్ వాల్," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! మొత్తానికి పాతికేళ్ళకి కడుక్కుంటానన్నారు. సంతోషం."

సున్నం పని చేసే మేస్త్రీలు ఢిల్లీలో దొరకడం ఎంత కష్టమో చెప్పలేను. పాత ఢిల్లీ గల్లీల్లో నాలుగు వారాలు తిరిగితే ఒక ఉస్తాద్ దొరికాడు. డెబ్భై దాటిన ముసలాయన. తెల్లగడ్డం, తెల్లలాల్చీ, ఆ రెంటి మీదా సున్నం మరకలు. చర్చిలోకి వచ్చి, చెప్పులు బయట వదిలి, నా సిమెంటు గోడకు చెవి ఆనించి విన్నాడు. ఆ తరవాత నావైపు తిరిగి, "సాబ్, యే కిస్ గధే నే కియా?" అన్నాడు.

ఏ గాడిద చేశాడిది అని. నేను పావురాల వంక చూశాను.

అక్టోబరులో సిమెంటు చెక్కించి గోడను ఊపిరి పీల్చుకోనిచ్చాం. చలికాలమంతా తొట్టెల్లో సున్నం నానింది. ఉస్తాద్ సరుకుల జాబితా చెబుతుంటే నేను రాసుకున్నాను: ఇటుక పొడి, ఇసుక, బెల్లం నీళ్ళు, మారేడు పండు గుజ్జు, మినప్పిండి. సున్నం పూతలో రుబ్బిన మినప్పిండి కలిపితే జిగురుగా పట్టుకుంటుందట, నీటిని ఆపుతుందట. రాస్తూ రాస్తూ నేను ఆగిపోయి, "ఇది గోడకా, ఫలహారానికా?" అన్నాను. ఉస్తాద్ నవ్వలేదు. ఆయన పని దగ్గర నవ్వడు. వీటన్నిటినీ కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటాడు. సున్నం సహా.

మా తెలుగు సంఘాల్లో ఒక అలవాటుంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా మందిరానికి తెస్తారు. ఊళ్ళలో పాస్టరుగారి ఇల్లు ఆ పిడికిళ్ళతోనే గడుస్తుంది. ఢిల్లీ వచ్చినా మావాళ్ళు ఆ అలవాటు వదల్లేదు. మా ఆవిడ స్త్రీల సమాజానికి పెద్ద. మినప్పిండి సంగతి వినగానే ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఏవండీ, బియ్యానికి బదులు పిడికెడు మినప్పప్పు తీస్తే పోలా? ఎవరింట్లో వాళ్ళే రుబ్బుకొస్తారు. మీ మగాళ్ళు ఇటుకలు మోస్తే అది సేవ, మేం మోస్తే ఫొటో అంటారు. ఇదైతే మా చేతి పని గోడలోకే పోద్ది."

నాకు ఒళ్ళు పులకరించింది. కానుక డబ్బా నేరుగా గోడలోకి! ఇంతకన్నా ఆరాధన ఏముంది?

"పిండి ఎట్టా ఉండాలి?" అంది.

"గారెలకు రుబ్బినట్టు. మెత్తగా, గట్టిగా," అన్నాను.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. ముప్ఫై ఆరేళ్ళు టెండరు కాగితాల్లో ఇసుక రేణువు ఎంతుండాలో, నీళ్ళు ఎంత పొయ్యాలో, ఏది వద్దో, ఎందుకు వద్దో పేజీలకు పేజీలు రాసినవాణ్ణి నేను. ఆ ఒక్క రోజు వంటగది గుమ్మంలో నిలబడి నోటిమాటగా చెప్పేశాను. మా ఆవిడ అదే మాటను స్త్రీల సమాజం వాట్సాప్‌లో పెట్టింది: "గారెల పిండిలా రుబ్బండి. ప్రభువు కొరకు." కింద ఇరవై ఆరు దండాలు వచ్చాయి.

పిండి వేసే రోజు ఫిబ్రవరిలో ఒక శనివారం. సరిగ్గా ఆ వారమే ఉస్తాద్ మనవరాలి పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళాడు. వెళుతూ నా చెయ్యి పట్టుకుని, "సాబ్, జో భీ చూనే మే జాయే, పహలే జబాన్ పర్ రఖ్‌నా," అన్నాడు. సున్నంలోకి ఏది పోయినా ముందు నాలుక మీద పెట్టి చూడమని. నేను అచ్ఛా అన్నాను. కానీ నాకు నామోషీ. సూపరింటెండింగ్ ఇంజనీరు హోదాలో రిటైరైనవాణ్ణి, పదిమందిలో నిలబడి పిండి నాకుతానా?

ఆ రోజు చూసి తీరాలి. మెట్రోలో, ఆటోల్లో, కార్లలో స్టీలు డబ్బాలు వచ్చాయి. గుర్గావ్ దంపతులు గ్రైండరే ఎత్తుకొచ్చారు. పీజీలో మిక్సీ కూడా లేని సివిల్స్ కుర్రాళ్ళు ముగ్గురు ఇంటి ఓనరు ఆంటీని బతిమాలి రుబ్బించుకొచ్చారట. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఉస్తాద్ శిష్యులైన ఇద్దరు మేస్త్రీలు బిస్మిల్లా అనుకుని తాపీ ఎత్తారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి డబ్బాలు తొట్టెలో బోర్లించి, చెక్క కర్రలతో సున్నాన్ని కొడుతూ పాటందుకున్నారు. కర్ర దెబ్బే తాళం. నేను చొక్కా చేతులు మడిచి మొట్టమొదటిసారి తడి సున్నంలో చేతులు పెట్టాను. సర్వీసంతా గోడలను పెన్నుతో చూపించినవాణ్ణే తప్ప ముట్టుకున్నది లేదు. గిలిగింతలు పెట్టినట్టుంది, పెద్దగా నవ్వొచ్చింది.

మధ్యలో ఒక డబ్బాలోంచి అల్లం ముక్కలు, పచ్చిమిర్చి తేలాయి. అందరం పగలబడి నవ్వాం. "ఈ సిస్టరెవరో గోడకు చట్నీ కూడా తెచ్చుంటారు!" అన్నారు పాస్టరుగారు. నేనూ నవ్వాను. అల్లం వేసిన చెయ్యి ఇంకేం వేసుంటుందో ఆ నవ్వులో నాకు తట్టలేదు.

మూడు వారాలు గోడ ముత్యంలా ఉంది. ఉస్తాద్ తిరిగొచ్చి చెవి ఆనించి, తల ఊపాడు. మార్చిలో ఎండ ముదిరి గోడ ఆరడం మొదలుపెట్టింది. ఒక ఉదయం తలుపు తీసేసరికి గోడ మొత్తం తెల్లటి నూగు. వేప పువ్వులా పొడి పొడిగా ఉప్పు పూసింది.

ఇది నా పాత సిమెంటు చేసిన పనేనని, గోడ లోపలి పాత లవణాలు ఇప్పుడు బయటికొస్తున్నాయని అనుకున్నాను. పాతికేళ్ళ కిందటి నా కానుక ఇంకా ఆ గోడను వదల్లేదని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉస్తాద్ వచ్చాడు. ఆ నూగును వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు.

"యే దీవార్ కా నమక్ నహీ హై, సాబ్," అన్నాడు. గోడ లోపలి ఉప్పయితే చేదుగా, చల్లగా తగులుతుందట. "యే తో రసోయీ కా హై."

వంటింటి ఉప్పు!

నా సిమెంటు కాదు! సంతోషం పట్టలేక ఉస్తాద్ భుజాలు పట్టుకుని ఊపేశాను. సరిగ్గా అదే క్షణంలో ఇరవై ఆరు స్టీలు డబ్బాలు నా కళ్ళ ముందు వరుసకట్టాయి. గారెల పిండి! ఉప్పు లేకుండా గారెల పిండి రుబ్బిన చెయ్యి గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఎక్కడైనా ఉందా? ఉప్పు వద్దని నేను చెప్పానా? నాలుక మీద పెట్టి చూశానా? గంతులు వేస్తున్నవాణ్ణి ఉన్నచోటే బెంచీ మీద కూలబడ్డాను. ఉస్తాద్‌కు చెబితే, ఆయన పని దగ్గర నవ్వనన్న నియమం తప్పాడు. గడ్డం తడిసేలా నవ్వాడు.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. విషయం వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇరవై ఆరు ఇళ్ళ కానుకండీ అది. నా మాట మీద తెచ్చారు. నా చేత్తో నేనే పాడుచేశానా?"

"నువ్వు కాదు, నేను. గారెల పిండి అన్నది నేనేగా?"

"ఉప్పు వెయ్యొద్దని నాకు తట్టొద్దూ? ఇన్నేళ్ళు వంట చేశా."

ఆ రాత్రి ఇద్దరం ఒకరి తప్పు ఒకరం లాక్కుంటూ చాలాసేపు పోట్లాడుకున్నాం. నలభై ఏళ్ళ కాపురంలో తప్పు నాదంటే నాదని పోట్లాడుకోవడం అదే మొదలు. ఆ ఆదివారం పాస్టరుగారు "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అన్న వాక్యం మీద ప్రసంగం తయారుచేసుకున్నారు. కానీ ముందు వరుసలో మా ఆవిడ ముఖం చూసి ఆఖరు నిమిషంలో ద్రాక్షావల్లి వాక్యానికి మారిపోయారు.

కమిటీ అత్యవసరంగా కూర్చుంది. చైర్మన్ గోడ ఫొటోలు బల్ల మీద పరిచాడు. "లైమ్ హాజ్ ఫెయిల్డ్," అన్నాడు. హిందీ సంఘం సెక్రటరీ, "ఇడ్లీ వాలోం నే దీవార్ మే భీ ఇడ్లీ డాల్ దీ!" అన్నాడు, ఇడ్లీ వాళ్ళు గోడలో కూడా ఇడ్లీ వేశారని. అందరూ నవ్వారు. ఇడ్లీ కాదు, గారె అని సరిదిద్దబోయి ఊరుకున్నాను. తలుపు దగ్గర మా ఆవిడతో సహా స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ తలలు వంగిపోయాయి.

అది చూసి నేను ఉండబట్టలేకపోయాను. లేచి, వచ్చీరాని హిందీలో, అక్కర్లేనంత గట్టిగా చెప్పేశాను. "ఈ గోడకు పాతికేళ్ళ కిందట సిమెంటు పూయించిన గాడిదను నేనే. అప్పుడు మీరంతా నాకు చప్పట్లు కొట్టారు, నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. ఆ సిమెంటు చేసిన పాడు ముందు వీళ్ళ పిండిలో ఉప్పు ఎంత? ఉప్పు వద్దని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. నాలుక మీద పెట్టి చూడమన్నారు, నేను చూడలేదు. పని నాది, తప్పు నాది. మట్టల ఆదివారానికి ఇంకా మూడు వారాలుంది. మాటిచ్చినన్ని రోజులు నాకివ్వండి."

చైర్మన్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "త్రీ వీక్స్," అన్నాడు. అంతే. తలుపు దగ్గర మా ఆవిడ తల ఎత్తింది. దాచింది బయటపడినందుకో ఏమో, నాకు ఒళ్ళు దూదిపింజలా తేలికైపోయింది.

ఉప్పు తీసే ఉపాయం ఉస్తాద్ చెప్పాడు. తెల్లకాగితం నానబెట్టి గుజ్జు చేసి, ముల్తానీ మట్టి కలిపి గోడకు దట్టంగా పట్టించాలి. ఆ పట్టీ ఆరుతూ గోడలోని ఉప్పును తనలోకి పీల్చుకుంటుంది. ఆరాక ఊడబీకి, మళ్ళీ కొత్తది. మూడు సార్లు. సిరా మరకలుంటే గోడకు అంటుతుంది కాబట్టి రాయని కాగితమే కావాలి. అంత తెల్లకాగితం ఎక్కడిది?

"అంకుల్, మా దగ్గరుంది," అన్నాడొక సివిల్స్ కుర్రాడు. ముఖర్జీ నగర్ పీజీల నుంచి సగం రాసి వదిలేసిన నోటు పుస్తకాలు రిక్షాల మీద దిగాయి. ప్రతి పుస్తకంలోనూ మొదటి పది పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు, రంగు రంగుల గీతలు. ఆ తరవాతంతా తెలుపు. ఎవరి పుస్తకాల్లో తెల్లకాగితం ఎక్కువుంటే వాడికి ప్రిలిమ్స్ ఎందుకు పోయిందో మిగతావాళ్ళు చదివి వినిపించారు. ఒకడి చరిత్ర నోట్సు హరప్పా దగ్గరే ఆగిపోయింది. "దేవుడు నా చేత రాయించకపోవడం ఇందుకే అంకుల్," అన్నాడు వాడు, పేజీలు చింపుతూ.

ఇక ఆ మూడు వారాలు! తొట్టెల్లో కాగితాలు తొక్కేవాళ్ళు తొక్కుతుంటే, గోడకు పట్టించేవాళ్ళు పట్టిస్తుంటే చర్చి పెళ్ళివారిల్లులా ఉంది. రెండోసారి పట్టీ వేసే రోజు హిందీ సంఘం ఆడవాళ్ళు తమంతట తామే వచ్చారు. సెక్రటరీ భార్య మోచేతుల దాకా బురదతో మా ఆవిడ పక్కన నిలబడి, "దీదీ, ఆప్ బోలియే, కితనా మోటా లగానా హై?" అని, ఎంత మందంగా పట్టించాలో అడుగుతుంటే, మా ఆవిడ తెలుగూ హిందీ కలిపి, "బస్, దోసె జైసా నహీ, ఊతప్పం జైసా," అని నేర్పుతోంది. చైర్మన్ రోజూ ఒకసారి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చూసి వెళ్ళేవాడు.

చెప్పిన శనివారం వచ్చింది. ఆఖరు పట్టీ ఊడబీకి వారమైంది. గోడ లేత మీగడ రంగులో మెరుస్తోంది, నూగు జాడ లేదు. కానీ కంటికి కనబడకుండా లోపల ఉప్పు మిగిలుంటే వానాకాలంలో మళ్ళీ పూస్తుంది. దానికి పరీక్ష ఏమిటని చైర్మన్ అడిగాడు.

ఉస్తాద్ నాలుక బయటపెట్టి చూపించాడు.

సంఘమంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు హిందీ సెక్రటరీ ధైర్యం చేశాడు. నాకి చూసి, "థోడా సా లగ్ రహా హై," కాస్త ఉప్పు తగులుతోంది అన్నాడు. అప్పుడే సమోసా తిని వచ్చాడని ఆయన భార్య తేల్చింది. తరవాత నేను, ఈసారి నామోషీ గీమోషీ లేకుండా పదిమందిలో నాలుక పెట్టాను. కానీ పొద్దున్నే ఆవకాయన్నం తిన్న నాలుక సాక్ష్యం చెల్లదని కొట్టేశారు. ఉస్తాద్ ఎలాగూ నావాడే. మరి ఎవరు?

అప్పుడు చైర్మన్ గారి భార్య మెల్లిగా అంది: "ఈయన బ్రెడ్డులో కూడా ఉప్పు పట్టేస్తారు."

అందరి కళ్ళూ ఆయన మీదికి తిరిగాయి. పన్నెండేళ్ళుగా ఉప్పు ఎరగని నాలుక! ఢిల్లీ మొత్తం మీద అంతకన్నా నిఖార్సయిన యంత్రం ఏ లేబరేటరీలో ఉంది? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. కానీ ఆ చర్చిని పడగొట్టాలన్నదీ ఆయనే. కొంచెం ఉప్పగా ఉందని ఒక్క మాటంటే చాలు, ఇక ఎవరూ కాదనలేరు. మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది.

ఆయన కళ్ళజోడు తీసి భార్య చేతికిచ్చాడు. గోడ దగ్గరికి వెళ్ళి, ముందు వాసన చూశాడు. నాలుక ఆనించాడు. రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ ఆనించాడు. తరవాత, ఉప్పు కిందనుంచి పైకి పాకుతుందని తెలిసిన మనిషి కాబట్టి, బల్ల పట్టుకుని నెమ్మదిగా మోకాళ్ళ మీదికి దిగి, గోడ అడుగున చూశాడు. వెనకనుంచి చూస్తే ప్రార్థన చేస్తున్నట్టే ఉంది. చేస్తున్నాడో ఏమో నాకేం తెలుసు? చాలాసేపు లేవలేదు.

ఆఖరికి మాకేసి తిరిగి, "నమక్ నహీ హై," అన్నాడు. బల్ల పట్టుకుని లేస్తూ, "ఏకదమ్ ఫీకా. మేరే ఖానే జైసా," అన్నాడు.

ఉప్పు లేదు, ఒట్టి చప్పిడి, అచ్చం నా తిండిలా అని. అని, నవ్వాడు!

ఇక ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో చెప్పలేను. సివిల్స్ కుర్రాళ్ళు ఈలలు వేశారు, పావురాలన్నీ లేచి కిటికీల్లోంచి వెళ్ళిపోయాయి. ఉస్తాద్ నన్ను గట్టిగా హత్తుకుని వీపంతా సున్నం చేశాడు. నేను నిజంగానే గంతులేశాను. నాలుగు రోజులు మోకాళ్ళకు నూనె రాసుకున్నాను, అది వేరే సంగతి. మా ఆవిడ నవ్వుతూ ఏడుస్తూ, ఇరవై ఆరు ఇళ్ళకూ వాట్సాప్‌లో ఒకే మాట పెట్టింది: "గోడ బాగుంది."

మరుసటి రోజు మట్టల ఆదివారం మూడు సంఘాలూ కలిసి ఒక్కటే ఆరాధన చేశాం. ఆ గోడకేసి తలెత్తి చూస్తూ పాడాను. ముందు బెంచీలో కూర్చుని.

ఇప్పుడు రెండో గోడ నడుస్తోంది. షోరూము బొమ్మ ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. ఈసారి జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి, మూడు భాషల్లో తలుపుకు అంటించాను. పిండి డబ్బాలు ఇప్పుడు డెబ్భై దాటాయి, సగం హిందీ, ఇంగ్లీషు సంఘాల ఇళ్ళవే. ప్రతి శనివారం ఉదయం చైర్మన్ గారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, మెళ్ళో తువ్వాలు, చేతిలో చెంచాతో కూర్చుంటారు. ప్రతి డబ్బాలోంచీ కాస్త తీసి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మా దగ్గర నేర్చుకున్న రెండే రెండు తెలుగు మాటలు అంటారు: "ఉప్పు లేదు." డబ్బా లోపలికి వెళుతుంది. మా ఆవిడ డబ్బా మాత్రం రెండుసార్లు రుచి చూస్తారు. ఆవిడ కొంగు తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. ఆయన "ఉప్పు లేదు" అనగానే "స్తోత్రం" అంటుంది. వరసలో ఉన్నవాళ్ళంతా "స్తోత్రం" అంటారు. వాళ్ళతోపాటు నేనూ గొంతెత్తి అంటాను. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఎన్ని టెస్టు రిపోర్టులు పాసయ్యాయో లెక్కలేదు గానీ, ఒక్కసారి కూడా నా నోట ఆ మాట రాలేదు.